జర్నల్ సగటు చూసి నా పేపర్‌కి పాయింట్లేస్తారా?

అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టుకి పెట్టుకున్న ఫైలు ఇవాళ స్క్రూటినీ నుంచి వెనక్కొచ్చింది. పొలాలకి కరెంటిచ్చే లైన్ల మీద నేను రాసిన పేపర్ అచ్చయిన ఏడాది ఆ ఎనర్జీ జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అంటే అందులోని ఒక్కో పేపర్‌కి సగటున వచ్చే సైటేషన్లు (వేరే పేపర్లలో ప్రస్తావనలు), 2.1. కొత్త జాబితాలో 1.9కి దిగింది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఫ్యాక్టర్ 2 నుంచి 5 మధ్య ఉంటే 20 పాయింట్లు, 1 నుంచి 2 మధ్య అయితే 15. ఎర్ర పెన్నుతో 20 కొట్టేసి 15 వేశారు. అడిగితే "రెండు దాటలేదు కదా మేడమ్" అన్నారు. నా పేపర్లో ఒక్క అక్షరం మారలేదండీ! ఇంకెవరో రాసిన పేపర్లకి సైటేషన్లు తగ్గితే నా పాయింట్లు కోస్తారా?

ఆ లెక్కేంటో వాళ్లలో ఎవరైనా చూశారా? అంతకుముందు రెండేళ్లలో జర్నల్ వేసిన వాటికి ఈ ఏడాది వచ్చిన సైటేషన్లని ఆ పేపర్ల సంఖ్యతో భాగిస్తారు. అంతే. నాలుగు రివ్యూ ఆర్టికల్స్‌కి వందల్లో వస్తే చాలు, మిగతావి ఎవరూ ముట్టకపోయినా సగటు పైకి లేస్తుంది. ఎడిటోరియల్‌కొచ్చిన సైటేషన్లు పైన కలుపుతారు, కింద పేపర్ల లెక్కలో మాత్రం ఆ ఎడిటోరియల్ ఉండదు. 1960ల్లో యూజీన్ గార్ఫీల్డ్ వాళ్లు దీన్ని తయారుచేసింది సైటేషన్ ఇండెక్స్‌లోకి (ఏ పేపర్‌ని ఎవరు ప్రస్తావించారో చెప్పే సూచికలోకి) ఏ జర్నల్స్ తీసుకోవాలో తేల్చుకోడానికి. మనుషుల ప్రమోషన్లు తేల్చడానికి కాదు. దీంతో పరిశోధకుల్ని కొలవొద్దని శాస్త్రవేత్తలు, జర్నల్ ఎడిటర్లు చేసిన శాన్‌ఫ్రాన్సిస్కో డిక్లరేషన్ వచ్చి పదేళ్లు దాటింది.

పైగా ఎనర్జీ అంటే అన్నీ ఒకే గాటన కట్టేస్తారు. పెరోవ్‌స్కైట్ అనే కొత్త రకం సోలార్ సెల్ మీద ప్రపంచమంతా ల్యాబులున్నాయి, పేపర్ రాగానే సైటేషన్లు మొదలవుతాయి. నాలాగా వ్యవసాయ ఫీడర్ (పొలాల మోటార్లకి కరెంటిచ్చే లైను) మీద రాసేవాళ్లెంతమంది? లైను చివర వోల్టేజీ పడిపోతే మోటారు ఎక్కువ కరెంటు లాగి కాలిపోతుంది. రీవైండింగ్ షాపులో ఓ రైతు తన మోటారు తీగ చూపించాడు. రాగి నల్లబడి, ఇన్సులేషన్ గోటితో గీకితే పొడిగా రాలింది. నా వోల్టేజీ రీడింగులు చూసి అక్కడి కరెంటు ఆఫీసు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు లోడు విడదీసి ఇంకో 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ వేయించారు. ఆ రబీలో ఆ లైన్లో మోటార్లు కాలడం తగ్గింది. ఇది ఇంపాక్ట్ కాదా? ఏ కాలమ్‌లో రాయమంటారు?

అసలు నా కడుపుమంట ఇవాళ్టిది కాదు. ఇదే పేపర్‌ని ముందు ఓ పెద్ద జర్నల్‌కి పంపాను. రివ్యూకి కూడా పంపకుండా, "ఇది స్థానిక ఆసక్తి ఉన్న విషయం" అని తిప్పికొట్టారు. మన దేశం వాడే కరెంటులో దాదాపు ఆరో వంతు వ్యవసాయానిదే. జర్మనీలో ఇళ్ల కప్పుల మీద సోలార్ గురించి రాస్తే అది ప్రపంచ సమస్య, అనంతపురం బోరుబావి గురించి రాస్తే స్థానికమా? ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు, మర్చిపోను కూడా.

మొన్న నా దగ్గర పీహెచ్‌డీకి చేరిన అమ్మాయి, ఫీడర్ టాపిక్ వద్దు మేడమ్, ఈవీ బ్యాటరీలు ఇవ్వండి, సైటేషన్లొస్తాయి అంది. ఆ పిల్లని ఏమనగలను? రేపు ఉద్యోగానికెళ్తే తననీ ఇదే అడుగుతారు. మరి పంపుసెట్ల మీద ఎవరు పనిచేయాలి?