శ్రీ కెపాసిటీ గారికి, కేరాఫ్ మారతహళ్లి

అయ్యా కెపాసిటీ గారూ,

బెంగళూరులో మారతహళ్లి నుంచి బెళ్లందూరు దాకా మన తెలుగు కుర్రాళ్లు అద్దెకున్న ఏ ఫ్లాటులో సిట్టింగ్ పడ్డా మీ పేరే. ప్యాకేజీ ఎంతని అడిగితే నీళ్లు నమిలేవాడు కూడా మీ ప్రస్తావన రాగానే కాలర్ ఎగరేస్తాడు. "మామా, ఎనిమిది పెగ్గులేసినా స్టడీరా నేను!" పక్కనే ఇంకొకడు సగం బీరుకే మొహం కందగడ్డ చేసుకుని సోఫాలో వాలిపోతాడు. చప్పట్లు మీవాడికి, వెక్కిరింతలు వీడికి.

తమరి ఘనత గురించి కొంచెం వాకబు చేశాను. మందు లోపలికెళ్లాక కాలేయంలో ఒక ఎంజైము దాన్ని ఎసిటాల్డిహైడ్ చేస్తుంది. అది విషం. ఏఎల్‌డీహెచ్2 అనే రెండో ఎంజైము ఆ విషాన్ని విరిచేస్తుంది. చైనా, జపాన్, కొరియాల్లో చాలామందికి ఈ రెండోది పుట్టుకతోనే మొండికేస్తుంది. ఇక మొహం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, కడుపులో తిప్పుతుంది. అలా మొండికేయించే జన్యువు అమ్మవైపు నుంచీ నాన్నవైపు నుంచీ దక్కినవాడు తాగుబోతు కావడం దాదాపు అసాధ్యం. మన దేశంలో అది బహు అరుదు. 1948లో కోపెన్‌హాగన్ పరిశోధకులు బయటపెట్టిన డైసల్ఫిరామ్ అనే తాగుడు మాన్పించే మాత్ర చేసే పని కూడా ఆ రెండో ఎంజైమును ఆపడమే. అంటే జపాను వాడికి పుట్టుకతో ఫ్రీగా వచ్చిన ఇబ్బందిని, మీ భక్తుడు చేయి దాటిపోయాక డాక్టరు దగ్గర చీటీ రాయించుకుని కొనుక్కుంటాడన్నమాట.

అసలు మీ గుట్టు రట్టు చేసింది అమెరికాలో, శాన్ డియాగోలోని మార్క్ షుకిట్ అనే మానసిక వైద్యుడు. తాగుడుకు బానిసలైన తండ్రుల కొడుకులకు, ఇరవైల వయసులో, కొలిచి మందు పోసి ఎవరికెంత ఎక్కుతుందో చూశారాయన. 1994లో లెక్క తేలింది. అప్పట్లో పెద్దగా ఎక్కనివాళ్లలో 56 శాతం మంది పదేళ్లలో తామూ బానిసలయ్యారు. బాగా ఎక్కినవాళ్లలో 14 శాతమే. రక్తంలో ఆల్కహాలు మాత్రం ఇద్దరికీ ఒకటే! "మా నాన్న ఫుల్లు కొట్టినా గీత గీసినట్టు నడిచేవాడు" అని మీసం మెలేసేవాడు, పాపం, తన జాతకం తానే చదివి వినిపిస్తున్నాడు. సిల్క్‌బోర్డు దగ్గర గొట్టం పట్టుకున్న ట్రాఫిక్ పోలీసు మీ పేరెప్పుడూ విన్నట్టు లేదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటిందా లేదా, ఆయనకు అంతే కావాలి.

అలాగని నేరమంతా జన్యువుల మీదకు తోసేసి మీ చప్పట్ల బృందాన్ని వదిలేయను. జపాను తాగుబోతుల్లో, ఆ మొండి ఎంజైము జన్యువు ఒకవైపు నుంచి వచ్చినవాళ్లు 1979లో 2.5 శాతం. 1992కి 13 శాతం. అంత కొద్ది కాలంలో ఒక జాతి జన్యువులు మారతాయా? మొహం మండుతున్నా తాగే దాకా ఎవరో పోస్తూనే ఉండాలి. పైగా అలాంటివాళ్లు తాగితే అన్నవాహిక క్యాన్సర్ ముప్పు మరీ ఎక్కువ. మన ఇందిరానగర్ టీమ్ పార్టీలో, వద్దంటున్నవాడి చేతిలో గ్లాసు పెట్టి "ఒక్కటే బాస్, ఏం కాదు" అంటారే, ఆ మహానుభావులకు ఈ అంకె ఫ్రేము కట్టించి ఇవ్వాలి.

ఒక్క విన్నపం. పెళ్లిచూపుల్లో "మావాడు అకేషనల్‌గా, అంతే" అన్నమాట విని అమ్మాయి తరఫువాళ్లు తృప్తిపడిపోతున్నారు. ఇకమీదట "ఎన్నింటికి ఎక్కుతుంది బాబూ?" అని అడగమని చెబుతున్నాను. సగం బీరుకే అన్నవాడితో తాంబూలాలు పుచ్చుకోవచ్చు. ఎనిమిది అన్నవాడికి మంచి ఫిల్టర్ కాఫీ ఇచ్చి, క్యాబ్ బుక్ చేసి పంపేయడమే.

ఇట్లు,
ప్రతి శుక్రవారం, స్టడీగా ఉన్న మీ భక్తులను మూడో అంతస్తుకు మోసేవాడు