సీసాలో పిండి, మూతకి రిబ్బన్

సెలవులు దగ్గర పడగానే బేకింగ్ చేసేవాళ్లకి ఒక పుణ్యకార్యం గుర్తొస్తుంది: బేకింగ్ చేయని మనల్ని ఉద్ధరించడం.

అందుకు వాళ్ల చేతిలో ఉన్న ఆయుధం కుకీల పొడి సరుకులు నింపిన గాజు సీసా. అడుగున మైదా, బేకింగ్ సోడా, దాని మీద బ్రౌన్ షుగర్, ఆపైన ఓట్స్, అన్నిటికీ పైన చాక్లెట్ చిప్స్, పొరలు పొరలుగా, చూడముచ్చటగానే ఉంటుంది, కాదనను. మూతకి రిబ్బన్, రిబ్బన్‌కి చిన్న చీటీ. చీటీ చదివితే గానీ అసలు సంగతి తెలీదు. గుడ్డు, వెన్న, వెనీలా మీరే తెచ్చుకోవాలట. వెన్న గది ఉష్ణోగ్రతలో ఉండాలట (ఎవరి గది, ఏ నెలలో?). ఓవెన్‌ని ముందే 180 డిగ్రీలకి వేడి చేసి, ట్రే మీద పేపర్ పరిచి, ఉండలు దూరదూరంగా పెట్టి, 12 నిమిషాలు కాల్చి, ఆ తర్వాత ఆనందించాలట. ఓవెన్ మనది, కరెంటు మనది, అంట్లు మనవి, కుకీలు ఇచ్చిన పేరు మాత్రం వాళ్లది! పోనీ స్పూన్‌తో అలాగే తినేద్దామా అంటే పచ్చి మైదాలో సాల్మొనెల్లా, ఈ.కోలై లాంటి జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు, కాల్చకుండా తినకూడదు. పారేద్దామంటే మనసొప్పదు. దాంతో సీసా అలమారా ఎక్కుతుంది, లోపల బ్రౌన్ షుగర్ గడ్డకట్టి రాయైపోతుంది, ఇచ్చినవాళ్లు ఇంటికొచ్చిన ప్రతిసారీ కళ్లు అటే పోతాయి. "ఇంకా చేయలేదా?" లేదండీ, ముహూర్తం కుదరలేదు.

సోర్‌డో స్టార్టర్ (పుల్లటి బ్రెడ్ కోసం పిండిని పులియబెట్టే తోడు) ఇచ్చేవాళ్లు ఇంకో రకం. అది ప్రాణమున్న సరుకు. రోజూ సగం తీసి పారేసి, మిగిలినదానికి పిండీ నీళ్లూ పెట్టాలి. ఫ్రిజ్‌లో పెడితే వారానికోసారి చాల్లే అని ఊరడిస్తారు కూడా. అడక్కుండానే దత్తత ఇచ్చేశారన్నమాట.

ఇంతకీ ఈ సీసాలు ఎవరి చేతికొస్తాయో గమనించారా? అదే ఇంట్లో అన్నకి హెడ్‌ఫోన్స్, తమ్ముడికి వాచీ, ఆడపిల్లకి మాత్రం కేక్ టిన్ను. తనకి బేకింగ్ ఇష్టం లేదని వందసార్లు చెప్పినా సరే. ఏడాది పొడుగునా ఆఫీసు పని, ఇంటి పని చేసి, వంటింటికి ఒక్క పూట దూరంగా ఉంటే చాలనుకునే మనిషికి, దొరికిన ఆ ఒక్క సెలవులో కూడా స్టవ్ పక్కనే నిలబడే ఏర్పాటు చేసి, దానికి రంగు కాగితం చుట్టి, పైగా థాంక్స్ కోసం ఎదురుచూడటం! సిగ్గుండాలి. చాకిరీకి రిబ్బన్ కట్టినంత మాత్రాన అది కానుకైపోదు.

మరి బేకింగ్ చేయనివాళ్లకి ఏమివ్వాలి అంటారా? కేక్ ఇవ్వండి. కాల్చిన కేక్, మీ ఓవెన్‌లో, మీ వెన్నతో. లేదా పుస్తకం, సినిమా టికెట్, మొక్క... మొక్క వద్దులెండి, దానికీ నీళ్లు పోస్తుండాలి. కేకే ఖాయం చేద్దాం. ముక్కలు కోసి తెస్తే మరీ మంచిది, కత్తి కడిగే పని తప్పుతుంది. తెచ్చిన డబ్బా మాత్రం కడిగి వెనక్కివ్వమని అడక్కండి.