మార్కు తక్కువైతే మార్చాల్సింది ఆమెను కాదు

షుగర్ ఉన్న ఆడవాళ్ళు చెకప్‌కి వెళ్తే పరగడుపున ఎంత, తిన్నాక ఎంత, మూడు నెలల సగటు ఎంత అని చూస్తారు. ఆ సగటు ఏడు శాతం దాటితే "డైట్ చెయ్యట్లేదామ్మా?" అని కోప్పడతారు. ఆ డైట్ మీ ఇంట్లో రోజూ చేయగలనన్న నమ్మకం ఉందా అని ఎవరూ అడగరు.

దాన్నీ కొలవొచ్చు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసిన ప్రశ్నావళిలో ఉన్నవి ఎనిమిదే ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 10 దాకా మార్కులు. నాలుగైదు గంటలకోసారి వేళకి తినగలనన్న నమ్మకం ఎంత? షుగర్ లేనివాళ్ళకి వండిపెడుతూ, వాళ్ళతో కలిసి తింటూ పత్యం పాటించగలనన్న నమ్మకం ఎంత?

మా మేనత్తకి ఏం తినాలో, ఏం తినకూడదో అన్నీ తెలుసు. కానీ అందరూ తిన్నాక తినడం ఆవిడ అలవాటు. పదిన్నరకి వచ్చే కొడుకు కోసం ఆగుతుంది. మిగిలిన అన్నం పారేయలేక తనే తింటుంది. కార్తీక సోమవారం ఉపవాసం ఉంటుంది, షుగర్ మాత్ర మాత్రం వేసుకుంటుంది. సాయంత్రానికి షుగర్ పడిపోయి చెమటలు, వణుకు. ఆవిడ మొదటి ప్రశ్నకి రెండు మార్కులేసుకుంటే "పేషెంట్‌కి కాన్ఫిడెన్స్ తక్కువ" అని రాసేస్తారా? వేళకి తిననివ్వని ఆ ఇంటి సంగతి ఎవరు రాస్తారు?

ఇలాంటి నమ్మకం గురించి 1977లోనే బందూరా అనే సైకాలజిస్టు రాశాడు. సొంతంగా ఒక పని చేసి గెలిచినప్పుడే అది బాగా పెరుగుతుందట. తిడితే పెరగదు. షుగర్ ఉన్నవాళ్ళ కోసం స్టాన్‌ఫర్డ్‌లో రూపొందించిన శిక్షణలోనూ, పెట్టుకున్న పని మీద నమ్మకం పదికి ఏడు కన్నా తక్కువుంటే ఆ పనినే మారుస్తారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. "రోజూ గంట వాకింగ్" కుదరకపోతే, పిల్లలు స్కూలుకెళ్ళాక పావుగంట. అదీ కుదరకపోతే ఇంకోటి వెతకాలి.

2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్లు దాటారు. ఇంతమందికి షుగర్ చూసే స్ట్రిప్స్‌తో పాటు ఈ ఎనిమిది ప్రశ్నలు కూడా వేయడం పెద్ద ఖర్చేం కాదు. డాక్టర్ పిలిచేలోపు నర్సు అడగొచ్చు. తెలుగులో, నోటితో అడగాలి, కాగితం చేతికిచ్చి టిక్కులు పెట్టమనకూడదు. ముఖ్యంగా పక్కన భర్త, అత్తగారు లేనప్పుడు అడగాలి. వాళ్ళ ముందు ఏ ఆడమనిషీ రెండు అని చెప్పదు.