ఆవిడ మేయర్ కాదు

మొన్న మన తెలుగు సంఘం ఉగాది ప్రోగ్రాంలో జరిగింది మీలో చాలామంది చూశారు. నది ఒడ్డునున్న ఒక టౌన్‌షిప్ (మన పంచాయతీ లాంటిది) సూపర్‌వైజర్ గారిని "మేయర్ గారు" అంటూ స్టేజీ మీదికి పిలిచాం. శాలువా కప్పాం, ఫొటో దిగాం. ఆవిడ మైకు అందుకునేలోపే తర్వాతి డాన్సు పాట మొదలైంది. నవ్వుతూనే దిగిపోయారు. హాలు సర్దుతుంటే ఆవిడ కుర్చీ కింద కాగితాల కట్ట కనబడింది, రబ్బరు బ్యాండు కూడా తీయలేదు. గట్టి వాన పడితే ఏ రోడ్లు మునుగుతాయో, ఫోనుకి హెచ్చరికలు రావాలంటే ఏం చేయాలో అందులో ఉంది. మనకోసమే అచ్చు వేయించి తెచ్చారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మేముండేది పెన్సిల్వేనియాలోని అప్పర్ మేక్‌ఫీల్డ్ టౌన్‌షిప్‌లో. చిరునామాలో న్యూటౌన్ అని ఉంటుంది కాబట్టి, నాలుగేళ్ళు మాది న్యూటౌనే అనుకున్నాను. న్యూటౌన్ టౌన్‌షిప్ వేరు, న్యూటౌన్ బరో అనే చిన్న పట్టణం వేరు, మాది వేరు. పెన్సిల్వేనియాలో ఏదో ఒక స్థానిక ప్రభుత్వం కిందికి రాని సెంటు భూమి కూడా లేదు. మాకు మేయర్ ఉండరు. ఐదుగురు సూపర్‌వైజర్లు, ఒక్కొక్కరికి ఆరేళ్ళ పదవి. పోలీసులకు ఎంత ఖర్చు పెట్టాలో, ఏ పొలంలో ఇళ్ళు లేవవచ్చో తేల్చేది వాళ్ళే. స్కూళ్ళు మాత్రం కౌన్సిల్ రాక్ స్కూలు బోర్డు చేతిలో ఉంటాయి. ఇల్లు కొనేటప్పుడు మనం అడిగింది ఆ ఒక్క పేరే.

డెలవేర్ నది మాకు తూర్పు సరిహద్దు. ఒడ్డు వెంట రోడ్డు, పాత బొగ్గు పడవల కాలువ, వెనక గుట్టలు. 1776 క్రిస్మస్ రాత్రి వాషింగ్టన్ సైన్యం నది దాటడానికి పడవలెక్కింది ఇక్కడే. గుట్టల మీది నీళ్ళు వాగులై, మనం కార్లలో తిరిగే రోడ్లను దాటుకునే నదిలోకి దిగాలి. 2004, 2005, 2006లో వరసగా నది పొంగింది. కానీ నది తాను వస్తున్నట్టు ముందే చెబుతుంది. 2023 జూలై 15 సాయంత్రం ఏడుగురిని పొట్టన పెట్టుకున్నది నది కాదు, రోడ్డు మీదికి పొంగిన ఓ చిన్న వాగు.

మాది కోనసీమలో లంక గ్రామం. భద్రాచలంలో గోదావరి 43 అడుగులు దాటి మొదటి హెచ్చరిక ఇచ్చారనగానే దండోరా వేసేవారు. గొడ్లను ఏటిగట్టు మీదికి తోలేవారు. మా నాన్న లాంతరు పట్టుకుని రాత్రంతా గట్టు కాపలా కాసేవాడు. అక్కడంతా గొప్పగా ఉండేదని నేననను. గ్రామసభ జరపకుండానే రిజిస్టరు ఇళ్ళకు తెచ్చి సంతకాలు పెట్టించుకుని వెళ్ళిన రోజులున్నాయి, కులం చూసి కుర్చీ వేసిన రోజులూ ఉన్నాయి. అయినా సర్పంచి ఎవరో తెలియని ఇల్లు లేదు. కరెంటు స్తంభం ఒరిగితే ఎవరి గుమ్మం ముందు నిలబడాలో మా అమ్మకు తెలుసు. ఇక్కడ మనకు తెలియదు.

కార్యవర్గం ఇబ్బంది నాకు తెలుసు. హాలు టైముకి ఖాళీ చేయాలి, పిల్లలు నెలల తరబడి ప్రాక్టీసు చేశారు. వీసా మీదున్నాం, ఓటే లేనప్పుడు టౌన్‌షిప్ మీటింగులు మనకెందుకు అనేవాళ్ళూ ఉన్నారు. కానీ మన రాష్ట్రంలో, ప్రభుత్వ మీటింగులు అందరి ముందూ జరగాలనే సన్‌షైన్ చట్టం ఉంది. మీటింగులో మాట్లాడటానికి ఓటరై ఉండక్కర్లేదు, అక్కడ నివాసముంటే చాలు.

దయచేసి దసరా ప్రోగ్రాంకి ఆవిడను మళ్ళీ పిలవండి. ఇరవై నిమిషాలు ఇవ్వండి, భోజనాలకు ముందు, హాలు నిండుగా ఉన్నప్పుడు. ఆ కాగితాల కట్ట మా ఇంట్లోనే ఉంది. తెలుగులో రాయడం మొదలుపెట్టాను, ఇండియా నుంచి వచ్చి మన దగ్గరుంటున్న అమ్మానాన్నల కోసం. రోజూ సాయంత్రం కాలువ గట్టున నడిచేది వాళ్ళే.