మహారాజశ్రీ ‘నాలుగు గంటల’ వారికి

మహారాజశ్రీ పెయింటు డబ్బా మీది ‘నాలుగు గంటల’ వారి దివ్యసముఖమునకు,

ఇక్కడ మేము క్షేమం కాదు. అక్కడ మీరు క్షేమమని కళ్లారా చూస్తూనే ఉన్నాను. మూత అంచున కారిన రంగు ఇంకా చేతికి అంటుతోంది గాని, డబ్బా మీద మీ అక్షరాలు మాత్రం పొడిపొడిగా నిగనిగలాడుతున్నాయి. ఉభయకుశలోపరి అని రాయడానికి నాకు చేయి రావడం లేదు. కాసేపటి క్రితమైతే నిజంగానే రాలేదు, తలుపు చట్రానికి అంటుకుపోయింది.

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి గదికి మొదటి పూత పూర్తయింది. బయట ముసురు. ‘రెండో పూతకు 4 గంటలు’ అని మీరు ఘంటాపథంగా చెబుతున్నారు. ఒంటిగంటకు రెండో పూత, సాయంత్రానికి అలమర దాని చోటికి, రాత్రికి కొత్త గోడల మధ్య నిద్ర. మీ మాట మీద కట్టుకున్న ప్రణాళిక ఇది. ఇవాళ బుధవారం. అలమర గది నడిబొడ్డున నిలబడి ఉంది, మంచం దాన్ని ఆనుకుని ఉంది, ఇంటిల్లిపాదీ ఆ రెంటి మధ్య ఎండ్రకాయల్లా పక్కకు నడుస్తున్నాం.

ఆ రోజు సరిగ్గా ఒంటిగంటకు గోడ మీద వేలు పెట్టాను. (ప్రతి దాంట్లో వేలు పెడతానని ఇంట్లో నా మీద పాత అభియోగం ఒకటి ఉంది. ఇప్పుడు దానికి సాక్ష్యం దొరికింది.) వేలు వెనక్కి వచ్చింది, దానితో పాటు కొంత రంగూ వచ్చింది. నాలుగు అక్షరాలు నేర్చినవాణ్ణి, ఏ కాగితం మీదా సంతకం తప్ప పెట్టనివాణ్ణి, మిమ్మల్ని నమ్మి గోడకు నిశానీ వేశాను.

అప్పుడు కళ్లజోడు తెచ్చుకుని మిమ్మల్ని మళ్లీ చదివాను. మీ భుజం మీద చిన్న నక్షత్రం కనిపించింది. దాన్ని పట్టుకుని డబ్బా చుట్టూ ప్రదక్షిణ చేస్తే, అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ‘25 డిగ్రీల సెల్సియస్, 50 శాతం తేమ వద్ద’ అని ఉంది. అదన్నమాట మీ జన్మనక్షత్రం! మీరు పుట్టిందీ పెరిగిందీ ప్రయోగశాలలో. రంగులను పరీక్షించే గదిలో ఉష్ణోగ్రత 23 డిగ్రీలకు రెండు అటూ ఇటూ, తేమ 50 శాతానికి ఐదు అటూ ఇటూ మించకూడదని అంతర్జాతీయ ప్రమాణమే ఉందట. అక్కడ ముసురు పట్టదు. అక్కడి గాలి ఉద్యోగంలో చేరిన గాలి, చెప్పినట్టు వింటుంది. ఆ గదిలో మీరు చెప్పింది అక్షరసత్యమే కావచ్చు. మా గదిలో తేమ కొలిచే పరికరం 90 చూపిస్తోంది. అయ్యా, తడిగుడ్డతో గొంతు కోయడం అంటే ఏమిటో ఇన్నాళ్లకు తెలిసింది.

ఊరికే నోరు పారేసుకుంటున్నానని అనుకోకండి, లెక్క చూపిస్తాను. గోడ ఎప్పుడు ఆరుతుందో చెప్పారు గాని, ఆ నీళ్లు ఎక్కడికి పోవాలో చెప్పారా? మీ ఎమల్షన్‌లో, అంటే నీళ్లతో చేసిన గోడ రంగులో, సుమారు సగం నీళ్లే. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న మా గదికి ఒక పూతకు మూడు నాలుగు లీటర్ల రంగు పట్టింది. అంటే తక్కువలో తక్కువ లీటరున్నర నీళ్లు. రోలరు తేలిగ్గా జారాలని నేను ఉదారంగా కలిపింది దీనికి అదనం. కొంత గోడ తాగేస్తుంది, తక్కినదంతా ఆవిరై గాలిలోకి పోవాలి. 25 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి మోయగలిగింది సుమారు 23 గ్రాముల ఆవిరి. 90 శాతం అప్పటికే నిండి ఉంటే మిగిలేది రెండు గ్రాముల చిల్లర. గది మొత్తం కలిపితే 65 గ్రాములు, పెద్ద చెంచాతో నాలుగైదు చెంచాలు! మీ పుట్టింటి గాలిలో దీనికి ఐదు రెట్ల చోటుంది. మా గదిలో ఆ లీటరున్నర బయటపడాలంటే గాలి మొత్తం ఇరవై సార్లకు పైగా మారాలి. మూడు రోజులుగా మా గోడ నీళ్లు నములుతోందంటే తప్పు దానిదా? మింగనూ లేదు, కక్కనూ లేదు.

కిటికీలు తెరవమన్నారు తెలిసినవాళ్లు. తెరిచాం. బయటి తేమ లోపలికి వచ్చి, లోపలి తేమను పలకరించి, దాని పక్కనే చతికిలబడింది. బయటి గాలి లోపలి గాలికన్నా పొడిగా ఉన్నప్పుడే కిటికీ ఉపకారం చేస్తుందని ఆలస్యంగా అర్థమైంది. అప్పుడు అన్నీ బిగించి హీటరు పెట్టాం. ఇది మరీ తమాషా. గది 30 డిగ్రీలకు ఎక్కేసరికి పరికరంలో 90 కాస్తా 70 దగ్గరికి దిగింది, మేము ఉబ్బితబ్బిబ్బయ్యాం. తేమ ఎక్కడికీ పోలేదని, గాలి సంచీ కాస్త పెద్దదైందని ఎవరికీ తోచలేదు. అర్ధరాత్రి హీటరు ఆపేశాం. గాలి చల్లబడి, మోసినంత సేపు మోసి, ఆ బరువంతా కిటికీ అద్దాల మీదా, బయటివైపున్న చల్లటి గోడ మీదా దించేసింది. తెల్లవారేసరికి రంగు వేసిన గోడకు చెమట పట్టింది. గాలిలోని తేమ నీటిచుక్కగా మారే ఉష్ణోగ్రత ఒకటి ఉంటుందట, గోడ దానికన్నా కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉండాలట. ఇంత ముఖ్యమైన మాటకు మీ డబ్బా మీద చోటు లేకపోయింది. చోటంతా నవ్వుతున్న కుటుంబం బొమ్మకు సరిపోయింది. వాళ్లు ఏకంగా గోడకు ఆనుకునే నవ్వుతున్నారు!

చివరికి కాస్త దారి చూపింది అద్దెకు తెచ్చిన డీహ్యుమిడిఫయర్, గాలిలోని తేమను లాగి నీళ్లుగా తొట్టిలో పోసే యంత్రం. కిటికీలు మూసి, దాన్ని నడిపి, గోడ పక్కన నిలిచిపోయిన తడిగాలి కదిలేలా ఫ్యానును ఏటవాలుగా పెట్టాం. సాయంత్రానికి దాని తొట్టి నిండింది. ఆ నీళ్లను అందరం వరుసగా వచ్చి చూశాం. ఇంతకాలం గాలి పీల్చుకుంటున్నామనే అనుకున్నాం.

ఇక నా నేరం. దాచను. ఆదివారం సాయంత్రం గోడను అరచేత్తో తడిమితే పొడిగానే తోచింది. వేలి గురుతు గుర్తుంది, ముసురు కనిపిస్తోంది, అయినా ‘నాలుగు గంటలు దాటి మరో నాలుగు అయ్యాయి కదా’ అని రెండో పూత మొదలుపెట్టాను. అదీ దట్టంగా, మూడో పూత ఖర్చు తప్పించుకుందామని. రోలరు రెండు సార్లు పైకీ కిందికీ తిరిగి, మూడోసారి రంగు వేయడం మాని తీసుకోవడం మొదలుపెట్టింది. మొదటి పూత అప్పడాల పొరలా లేచి దానికి చుట్టుకుంది. నీళ్లు పోగానే రంగు ఆరినట్టు కాదట. అందులోని కంటికి కనిపించని ప్లాస్టిక్ కణాలు దగ్గరపడి, ఒకదానిలో ఒకటి కలిసి పొరగా మారాలట. నేను ఆ కణాలు పరిచయాలు చేసుకుంటున్న సమయంలో రోలరుతో మీద పడ్డాను. పైగా ముదురు నీలం ఎంచుకున్నదీ నేనే. రంగు ముదిరే కొద్దీ అందులో కలిపే వర్ణద్రవ్యం పెరుగుతుంది, చాలా రంగుల్లో దానితో పాటే వచ్చే, నింపాదిగా ఆవిరయ్యే గ్లైకాల్ అనే ద్రవమూ పెరుగుతుంది. స్నానాలగదిలో వేసిన లేతరంగు ఇంకో నాటకం ఆడింది. గోడ మీద గోధుమరంగు ధారలు, జిగటగా. రంగు పాడైందని బెంగపడ్డాం. ఆలస్యంగా ఆరే పూతలోంచి సబ్బులాంటి పదార్థాలు పైకి ఊరి వస్తాయని, నీళ్లతో తుడిస్తే పోతాయని, మళ్లీ ఒకటి రెండు సార్లు వచ్చినా భయపడనక్కర్లేదని తెలిసింది. దీని గురించీ మీరు నోరు మెదపలేదు.

తలుపు చట్రానికి వేసిన ఎనామిల్ అనే నూనె రంగు గారి వరస వేరు. ఆయన నీళ్ల మనిషి కాదు. గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడతాడు, చలీ తేమా ఆయన్ను కూడా బద్ధకస్తుణ్ణి చేస్తాయి. నా ఎడమ చేయి చిక్కుకున్నది ఆయన దగ్గరే. ఆయనకు వేరే ఉత్తరం రాస్తాను.

మీకో అన్నగారు ఉన్నారట, పేరు ‘ముప్పై రోజులు’. రంగు పూర్తిగా గట్టిపడి, తుడిచినా గీరినా తట్టుకునే స్థితికి రావడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని, అంతవరకు గోడకు అలమర ఆనించినా, అరలో పుస్తకాలు పేర్చినా అతుక్కుపోతాయని ఆయన చెప్పే మాట. ఇంత పెద్దమనిషిని ఇంట్లో ఉంచుకుని వీధిలోకి మిమ్మల్ని పంపారెందుకో అడగాలని ఉంది. నాకు జవాబు తెలుసు. ఆయనే డబ్బా మీద నిలబడి ఉంటే నేను ఆదివారం రోలరు పట్టేవాణ్ణే కాదు.

పరికరంలో ఇప్పుడు 62 చూపిస్తోంది. అలమర వెనక్కి జరపవచ్చా అని ఇంట్లో అడుగుతున్నారు. మీరు ‘ఎప్పుడో జరపాల్సింది’ అంటారు, మీ అన్నగారు ‘వచ్చే నెల’ అంటారు. ఈ ఉత్తరం మీకు ఎక్కడ అందుతుందో తెలియక గోడకే అంటిస్తున్నాను. జిగురు అవసరం పడలేదు.

ఇట్లు,
కిటికీ పక్క గోడ మీది నిశానీదారు