రాసే చేతికి దారేది?

పారిస్‌లోని అంధ విద్యార్థుల పాఠశాలలో 1820ల నాటికే పుస్తకాలున్నాయి. పాఠశాల స్థాపకుడు వాలెంటిన్ అవీ మామూలు రోమన్ అక్షరాలనే పెద్దవిగా, కాగితంపై ఉబ్బెత్తుగా అచ్చు వేయించాడు. పిల్లలు ఒక్కో అక్షరాన్నీ వేలితో తడిమి, పోల్చుకుని పక్కదానికి వెళ్లేవారు. నెమ్మదిగానైనా చదివేవారు. అయితే ఆ అక్షరాలను సొంతంగా రాసుకునే దారి మాత్రం వారికి లేదు. చూపున్నవారు చేసిన ఏర్పాటు అది, చదివితే చాలుననుకున్నారు. అదే బడిలో 15 ఏళ్ల లూయీ బ్రెయిల్ 1824లో ఆరు చుక్కల లిపికి రూపం ఇచ్చాడు. పలక, చుక్కలు పొడిచే స్టైలస్ ఉంటే ఎవరి మాట వారు రాసుకోవచ్చు. 1829లో దాన్ని పుస్తకంగా వెలువరించినప్పుడు సంగీతం రాసే పద్ధతిని కూడా చేర్చాడు. ఆర్గన్ వాయించేవాడు మరి, ఆ అవసరం అతనికి తెలుసు.

వికలాంగులకు డిజిటల్ అందుబాటు గురించి నేడు సాగుతున్న చర్చ ఇంకా అవీ దగ్గరే ఆగిపోయిందని మా అభిప్రాయం. వెబ్ పేజీని స్క్రీన్ రీడర్ (తెర మీదున్నది గొంతుతో వినిపించే సాఫ్ట్‌వేర్) చదవగలుగుతోందా, వీడియోకు సబ్‌టైటిళ్లు ఉన్నాయా, అక్షరం వెనుక రంగులో కలిసిపోతోందా అన్నవే ఎప్పుడూ వినిపించే ప్రశ్నలు. అవి అవసరమైనవే, ఇప్పటికీ సరైన జవాబు దొరకనివే. (ఫొటోకు నాలుగు మాటల వివరణ జోడించడం మరిచిపోయే పత్రికల్లో మాదీ ఒకటని ఒప్పుకోవాలి.) కానీ అవన్నీ ఇంకొకరు చేసినదాన్ని అందుకోవడం గురించే. తానే ఒక పాట కట్టాలన్నా, వీడియో కూర్చాలన్నా, పోస్టరు తయారు చేయాలన్నా దారేది?

చూపులేని యువతి ఒకరు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచారనుకుందాం. ట్యాబ్ మీట నొక్కితే స్క్రీన్ రీడర్ ‘బటన్’ అంటుంది. మళ్లీ నొక్కితే మళ్లీ ‘బటన్’. మూడోసారీ అదే. వాటిలో ఏది కత్తిరిస్తుందో, ఏది మొత్తం చెరిపేస్తుందో చెప్పదు. తెర మీద కత్తెర బొమ్మ స్పష్టంగానే ఉంది. దాని వెనుక పేరు రాయాల్సిన చోట మాత్రం ఖాళీ. ఆ పేరు రాయడానికి సాధారణంగా ఒక్క వరుస కోడ్ చాలు. ఇక వీడియో ముక్కలను వరుసగా పేర్చే టైమ్‌లైన్ మౌస్‌తో పట్టి లాగితే తప్ప కదలదనుకోండి, చేతులు వణికేవారు కూడా గుమ్మం బయటే ఉండిపోతారు.

ఇది సాధ్యంకాని పనేమీ కాదు. సంగీతం రికార్డు చేసే రీపర్ సాఫ్ట్‌వేర్‌కు ఒసారా అనే ఉచిత అనుబంధం ఉంది. దాని సాయంతో చూపులేని సంగీతకారులు కీబోర్డు మీదుగానే ట్రాకులు కూర్చుకుంటున్నారు. దాన్ని రూపొందించిన జేమ్స్ తే అంధుడు. మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టిన ఉచిత స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏను ఆయనతో కలిసి తీర్చిదిద్దింది కూడా ఈయనే. బ్రెయిల్ కథే మళ్లీ నడిచింది: అవసరమున్నవారే పనిముట్టు చేసుకున్నారు. మెచ్చుకోవాల్సిందే. కానీ సాఫ్ట్‌వేర్ అమ్ముకునే సంస్థల బాధ్యతను వాడేవారి భుజాన వేసి చప్పట్లు కొట్టడం మర్యాద కాదు.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. వెబ్ పేజీలు ఎలా ఉండాలో వెబ్ ప్రమాణాల సంస్థ 1999లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి తరువాతి రూపాలు అనేక దేశాల చట్టాల్లోకి ఎక్కాయి. రాసే, కూర్చే పనిముట్లకు కూడా అదే సంస్థ విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి రెండో కూర్పు 2015లో వెలువడింది. దాన్ని తలచుకునేవారు అరుదు. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలోని 30వ అధికరణ, వారి సృజనశక్తి వికసించే అవకాశం కల్పించాలని, అది వారి మేలుకే కాక సమాజ సంపన్నతకు కూడా అవసరమని చెబుతోంది. సంతకాలు చేసిన దేశాలకు ఆ వాక్యం గుర్తుందా?

కృత్రిమ మేధ వచ్చింది కనుక ఈ బెంగ తీరిపోయిందని కొందరంటున్నారు. మేమంత తొందరపడం. చేయి కదలని మనిషి తన మనసులోని బొమ్మను మాటలతో చెప్పి గీయించుకోగలిగితే అది నిజంగా కొత్త కుంచె. అయితే కుంచె ఎవరి మాట వింటోందన్నదే అసలు సంగతి. శరీరం దాదాపు చచ్చుబడిన భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ చెంప కండరం కదలికతో మాటలు ఎంచుకునేవారు. కంప్యూటర్ తరువాతి మాటను ఊహించి చూపేది. ఉంచాలా, తోసెయ్యాలా అన్నది ఆయన ఇష్టం. ఒక్కో వాక్యానికి ఎంతో సమయం పట్టేది, కానీ అది ఆయన వాక్యమే. అడగకముందే కవిత మొత్తం రాసి చేతిలో పెట్టే యంత్రం ఆ పని చేయదు; అది మళ్లీ మనిషిని పాఠకుడిగానే కూర్చోబెడుతుంది.

విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ శాఖలు, వార్తా సంస్థలు పెద్ద మొత్తాలు పోసి ఇలాంటి సాఫ్ట్‌వేర్ కొంటుంటాయి. ఒప్పందంపై సంతకానికి ముందు అవి ఒక పని చేయాలి. అమ్మడానికి వచ్చినవారిని మౌస్ పక్కన పెట్టి, తెర ఆపేసి, రెండు నిమిషాల వీడియో ఒకటి కూర్చి చూపమనాలి. వారి చేతకాకపోతే ఆ సంతకాన్ని ఆపాలి.