నా బిడ్డ చేతిలకెల్లి ఆ నవల గుంజుకోకుండ్రి

మొన్న గురువారం మధ్యాహ్నం మా బిడ్డ బడి నుంచి ఫోన్ వచ్చింది. "మేడం, ఒకసారి వచ్చి కలువుండ్రి, పాప గురించి మాట్లాడాలె" అన్నరు. పదో తరగతి పిల్ల. అసొంటి మాట విన్న తల్లి ఎట్ల ఉరుకుతదో మీకు తెలుసు. ఆఫీసుల పర్మిషన్ అడిగి, హనుమకొండ చౌరస్తాల ఆటో ఎక్కి పోయిన. టేబుల్ మీద ఒక పుస్తకం పెట్టి నా దిక్కు జరిపిండ్రు. స్టడీ అవర్ల ఫిజిక్స్ పుస్తకం నడుమ పెట్టుకొని చదువుతుంటే దొరికిందట.

పుస్తకం 'కాంచన ద్వీపం'. స్టీవెన్సన్ రాసిన ట్రెజర్ ఐలాండ్‌కు నండూరి రామమోహనరావు గారి తెలుగు. మా బాపు దాచుకున్న పాత ప్రతి అది. అట్ట ఊడిపోతే ఆయనే దారంతోని కుట్టిండు.

"పదో తరగతిల నవలలేంది మేడం? ఇప్పుడే అదుపుల పెట్టకపోతే ఇంటర్‌కు పోయినంక మీ చేతికి రాదు" అన్నరు.

స్టడీ అవర్ల చదువుడు తప్పే. అది నేను అక్కడనే ఒప్పుకున్న, ఇంటికొచ్చి బిడ్డకు కూడా చెప్పిన. "సరే అమ్మా, బడిల చదవ" అన్నది. అంతవరకు పంచాయితీ లేదు. కానీ "నవలలు చదువుతాంది" అన్న మాటను వాళ్లు అన్న తీరు ఉన్నది చూడుండ్రి, పిల్ల సంచిల గుట్కా ప్యాకెట్ దొరికితే ఎట్ల అంటరో అట్లనే అన్నరు. ఆ తీరు నన్ను మూడు రాత్రుల సంది నిద్ర పోనిస్తలేదు. అందుకే రాస్తాన.

ఇంట్ల కూడా ఇదే కథ. దసరాకు అందరం కలిసినప్పుడు మా బావగారు బిడ్డ చేతిల లావు పుస్తకం చూసి, "గది చదివితే ర్యాంకు వస్తదా బిడ్డా?" అన్నరు. ప్రేమ ఉన్న మనిషే, పిల్లల ఫీజుల కోసం పొలం అమ్మిన మనిషి, ఆయన భయం నాకు అర్థమైతది. మా యారాలు ఇంకో మాట అన్నది. "చదవనియ్యి అక్కా, మంచిదే. ఒక్కొక్క పుస్తకం గురించి వీడియో చేసి యూట్యూబ్‌ల పెట్టియ్యి. బొమ్మలు కూడా మంచిగ వేస్తది కదా, పోటీలకు పంపు, సర్టిఫికెట్లు పనికొస్తయి."

నాకు ఈ రెండో మాటనే ఎక్కువ భయం అనిపించింది. మొదటిది పుస్తకం గుంజుకుంటది. రెండోది పుస్తకం చేతిలనే ఉంచి, దానిల ఉన్న సంతోషాన్ని గుంజుకుంటది. పిల్ల తనకు తాను ఏదన్న ఒకటి చేసుకుంటాంటే మనకు చేతులు ఊరుకోవు. దాన్ని తీసుకపోయి ఏదో ఒక పోటీల నిలబెట్టాలె, లేకపోతే ఏదో ఒక ఫైల్ల పెట్టాలె.

నేను కూడా చానా రోజులు తప్పు వకాల్తానే చేసిన. ఎవరన్న అడిగితే, "చదివితే భాష మంచిగైతది, ఏకాగ్రత పెరుగుతది, ఇంగ్లీషు పేపర్ల వ్యాసానికి అక్కరకొస్తది" అని చెప్పేదాన్ని. ఇప్పుడు బంద్ చేసిన. ఆమెకు ఎన్ని మార్కులు వస్తున్నయో కూడా ఇక్కడ రాయను. మంచిగ వస్తున్నయని రాస్తే, మార్కులు వచ్చే పిల్లకే నవల చదివే హక్కు ఉన్నదన్నట్టు అయితది. తక్కువ మార్కులు వచ్చే పిల్లకు లేదా మరి? ఆ పిల్లకు ఇంకా ఎక్కువ అక్కర ఉంటదేమో.

ఆమె ఎట్ల చదువుతదో మీరు చూడాలె. రాబిన్సన్ క్రూసో చదివింది పోయిన ఎండాకాలం. 1719ల వచ్చిన పుస్తకం, 300 ఏండ్లు దాటింది. ఓడ పగిలి 28 ఏండ్లు ఒక దీవిల బతికిన మనిషి కథ. మేకలను మచ్చిక చేసుడు, మట్టితోని కుండ చేసి కాల్చుడు, రోజులు మర్చిపోకుండ కొయ్య మీద గాట్లు పెట్టుడు. ఆ కుండ దగ్గర ఆమె రెండు దినాలు ఆగింది. మనకాడ కుమ్మరి ఆము ఎట్ల పెడతరు, ఎన్ని గంటలు కాలాలె అని వాళ్ల తాతను అడుక్కుంట కూసున్నది.

తర్వాత ఒక రాత్రి వంటింట్లకొచ్చి నిలబడ్డది. "అమ్మా, క్రూసో ఆ దీవిల తనకు దొరికిన మనిషికి ఫ్రైడే అని పేరు పెట్టిండు. అంతకుముందు ఆ మనిషికి ఒక పేరు ఉంటది కదా? నీ పేరేందని అడగనే అడగలే. నన్ను మాస్టర్ అని పిలువుమని నేర్పిండు" అన్నది. "అసలు ఆయన ఓడ ఎందుకు మునిగిందో తెలుసా, ఆఫ్రికాకు మనుషులను బానిసలుగ తెచ్చెతందుకు పోతాంటే మునిగింది." నేను చపాతీ పెనం మీదనే మరిచిపోయిన. దొరల కాళ్ల కింద బాంచన్ అనుకుంట బతికిన తాతముత్తాతలున్న నేల మనది. పేరు కూడా అడగకుండ మనిషిని పనికి పెట్టుకునుడు ఎంత అన్యాయమో పదిహేనేండ్ల పిల్లకు ఆ పుస్తకం లోపల నుంచే తెలిసింది. పాత పుస్తకాలల్ల పాత పాపాలుంటయి, పిల్లలకు ఇయ్యద్దు అనేటోళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే. ఇయ్యుండ్రి, పక్కన కూసొని మాట్లాడుండ్రి.

జూల్స్ వెర్న్ దగ్గరికి వచ్చినంక ఇంకో ముచ్చట. సముద్రం అడుగున జలాంతర్గామిల తిరిగే కెప్టెన్ నీమో ఎవరో, ఏ దేశపోడో మొదటి పుస్తకం 'ట్వంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ది సీ'ల చెప్పడు. 1875ల పూర్తయిన 'మిస్టీరియస్ ఐలాండ్' చివర్ల చెప్తడు. ఆయన బుందేల్‌ఖండ్ రాజు కొడుకు ప్రిన్స్ డక్కర్, టిప్పు సుల్తాన్‌కు మేనల్లుడి వరస, 1857ల ఇంగ్లీషోళ్ల మీద కొట్లాడి, ఇంటోళ్లను పోగొట్టుకొని సముద్రంలకు పోయిన మనిషి. మన దేశం మొఖం చూడని ఫ్రెంచి రచయిత రాసిండు ఆ మాట. మా బిడ్డ దాన్ని ఇంగ్లీషులనే చదివింది, పక్కన డిక్షనరీ పెట్టుకొని, 20 రోజులు పట్టింది. ఆ పేజీ కాడికి వచ్చిన రాత్రి పదకొండు గంటలకు నన్ను లేపింది. "అమ్మా, నీమో మనోడే!" కండ్లల్ల నీళ్లున్నయి ఆమెకు. ఆ నీళ్లకు నేను ఏ సర్టిఫికెట్ తేవాలె?

ఒక మాట మధ్యల. పిల్లల కోసం కుదించినం అని 60 పేజీల బొమ్మల పుస్తకాలు అమ్ముతరు. చిన్నపిల్లలకు సరే. పదిహేనేండ్ల పిల్లకు అవి ఇయ్యకుండ్రి. వాటిల కథ ఉంటది గని ఎదురుచూపు ఉండదు. నూరు పేజీలు సముద్రం తప్ప ఏం కనపడకపోతేనే కదా, నేల కనపడ్డనాడు పానం లేచి వచ్చేది.

ఇగ ఆమె చేతిపనుల గురించి. ట్రెజర్ ఐలాండ్ అసలు ఒక బొమ్మతోనే మొదలైంది. 1881ల స్కాట్లాండ్‌ల ఒక ఊర్ల ముసురు పట్టి బయటికి పోరాకుంటే, స్టీవెన్సన్ తన భార్య కొడుకుతోని కూసొని రంగులేసుకుంట ఒక దీవి పటం గీసిండు. ఆ పటం చూసుకుంట చూసుకుంటనే కథ పుట్టింది. ఇంకా మంచి సంగతి, ఆయన తండ్రి కూడా ఆటల కలిసిండు. లైట్‌హౌస్‌లు కట్టే ఇంజినీర్, పెద్దమనిషి. కథల ఒక సముద్రపు దొంగ పెట్టె తెరిచే ఘట్టం వస్తే, ఆ పెట్టెల ఏమేం ఉండాలెనో ఒక పాత కవరు వెనుక జాబితా రాసిచ్చిండు. కొడుకు దాన్ని అట్లనే రాసుకున్నడు. దొంగల నాయకుడి ఓడకు 'వాల్‌రస్' అనే పేరు కూడా ఆ ముసలాయన పట్టుబట్టి పెట్టించిందే. ఈ ముచ్చట మా బిడ్డనే ఎక్కడనో చదివి నాకు చెప్పింది.

అది తెలిసినంక ఆమె ఖాళీగ కూసుంటదా. ఐతారం పొద్దుగాల ఖిలా వరంగల్‌కు తీసుకపొమ్మన్నది. నాలుగు తోరణాల నడుమ అడుగులు లెక్కపెట్టుకుంట తిరిగింది. రాతికోట, దాని బయట కందకం, ఇంకా బయట మట్టికోట, ఏకశిల గుట్ట, ఖుష్ మహల్, అన్నీ ఒక చార్ట్ మీద గీసింది. మట్టికోట మీద ఇప్పుడు రోడ్డు ఎక్కడ పోతాందో, ఎక్కడ ఇండ్లు లేచినయో కూడా గీసింది. నేను ఈ ఊర్లనే పుట్టి పెరిగిన, కాకతీయుల కోట వరుసలు వరుసలుగ ఎట్ల చుట్టుకొని ఉన్నదో ఆ చార్ట్ చూసేదాక నాకు తెల్వదు. చార్ట్ మూలకు ఒక చిన్న ఎర్ర గుర్తు పెట్టింది. అదేందంటే చెప్తలేదు.

ఇప్పుడు ఓడ చేస్తాంది. నాలుగు నెలలైతాంది. అట్టపెట్టెలు, ఐస్‌క్రీం పుల్లలు, ఫెవికాల్, తెరచాపలకు పాత తెల్ల లుంగీ. అన్నీ మంచిగనే వచ్చినయి గని తాళ్ల కాడ ఆగింది. ముడులు జారిపోతున్నయి. మా బాపు కొత్తవాడల 40 ఏండ్లు శతరంజీలు నేసిండు. మోకాళ్లు పనిచేయక మగ్గం దిగినంక మనిషి మాటలు తగ్గిచ్చుకున్నడు, వాకిట్ల కుర్చీ వేసుకొని కూసునేది. ఒకనాడు ఆమె ఓడను ఒళ్లె పెట్టుకొని పోయింది. "తాతా, ముడి నిలుస్తలేదు." ఆయన కండ్లద్దాలు పెట్టుకొని, నూలు పోగు రెండు కొసలు పట్టుకొని, పడుగుల పోగు తెగితే వేసే ముడి వేసి చూపిచ్చిండు. రెప్ప కొట్టేలోపట అయిపోయింది. ఆమెకు చూసుడు అందలే. మళ్లా వేసిండు, మళ్లా వేసిండు. సాయంత్రానికి ఇద్దరూ 32 ముడులు వేసిండ్రు. గుంజితే పోగు తెగుతది గని ముడి ఊడదు.

ఆ రోజు సంది బాపు మాట్లాడుతాండు. తన చిన్నప్పుడు చందమామల వచ్చిన సీరియళ్ల ముచ్చట్లు తీసిండు. 1954ల 'తోకచుక్క'తోని మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం గారు 12 సీరియళ్లు రాసిండ్రు. 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', ఆ పేర్లు చెప్తుంటే బాపు గొంతు మారుతది. రాసినాయన పేరు పత్రికల వేసేటోళ్లు కాదట, బొమ్మలేసిన 'చిత్రా' సంతకం చూసి దాన్నే పట్టుకునేటోళ్లమన్నడు. కిరాయికి పుస్తకాలిచ్చే దుకాణం కాడ కొత్త సంచిక కోసం నలుగురు పోరగాండ్లు కలిసి పైసలేసుకొని, ఒక్కడు చదువుతుంటే ముగ్గురు వినేటోళ్లట. మగ్గం గుంటల కాళ్లు పెట్టుకొని కూసున్న పిలగాడు, మొసలి నోరు తెరిచిన దీవిల తిరిగొచ్చేటోడు. ఏడో తరగతిల చదువు ఆగిపోయిన మనిషి. నాకు 43 ఏండ్లు, మా బాపుకు ఇసొంటి చిన్నతనం ఉండెనని ఈ ఏడే తెలిసింది.

బడోళ్లకు నేను ఇదంతా చెప్పలే. చెప్పే జాగ లేదు అక్కడ. ఒక్కటే అడిగిన. "పొద్దున ఏడింటికి వస్తది, రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరుతది. ఈ పదమూడు గంటలల్ల ఆమె ఇష్టంగ చేసే పని ఒక్కటన్న ఉన్నదా?" జవాబు రాలే. పుస్తకం తీసుకొని వచ్చిన.

ఇంట్ల మాత్రం ఒక ఒప్పందం చేసుకున్నం. రాత్రి తిన్నంక ముప్పావు గంట ఆమెది. పుస్తకం చదువుతదా, ఓడ ముందటేసుకుంటదా, మంచం మీద పండి ఫ్యాను చూసుకుంట ఆలోచన చేస్తదా, ఎవరూ అడగరాదు. పరీక్షలు మార్చిల. ఫిబ్రవరిల కూడా ఆ ముప్పావు గంట ఉంటది. మా ఆయన మొదట వద్దన్నడు, తర్వాత "అర్ధగంట" అన్నడు, ఇప్పుడు ఆ టైంకు టీవీ సౌండ్ తానే తగ్గిస్తాండు.

ఈ ఊరోళ్లకు ఒక మాట. నిజాం కాలంల, తెలుగు చదువుకునుడే కష్టంగ ఉన్నప్పుడు, 1904ల హనుమకొండల రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం పెట్టుకున్న ఊరు మనది. గ్రంథాలయమంటే కొలువు పరీక్షల గైడ్లు చదివే జాగ అని మన పిల్లలు అనుకుంటున్నరు. ఆ చదివేటోళ్లను నేను ఒక్క మాట అనను, వాళ్ల కష్టం వాళ్లది. కానీ ఆ హాలు వెనుక బీరువాలల్ల నవలలు ఉంటయి. వచ్చే ఐతారం మీ పిల్లలను తీసుకపోయి ఆ బీరువా తెరిపియ్యుండ్రి. దుమ్ము ఉంటది, దులుపుకుంటరు. ఏది చదవాలెనో మీరు చెప్పకుండ్రి, వాళ్ల చెయ్యి దేని మీదికి పోతే అదే ఇయ్యుండ్రి. ఇంట్ల పాత చందమామలు, అట్టలు చినిగిన అనువాదాలు ఉంటే పాత పేపర్లోనికి అమ్ముకోకుండ్రి. మీకు బరువైతే నాకు చెప్పుండ్రి, నేను వచ్చి తెచ్చుకుంట, మా వాడకట్టు పిల్లలకు ఇస్త.

గురువారం రాత్రి బిడ్డ బడి నుంచి వచ్చి, సంచి కింద పెట్టి, నా మొఖం దిక్కు చూడలే. పుస్తకం ఆమె చేతిల పెట్టిన. అట్టను కుట్టిన దారం ఒక కాడ తెగింది, గుంజుకునేటప్పుడు తెగినట్టుంది. ఏం అనలే. తాత దగ్గరికి పోయింది. ఇద్దరూ కూసొని ఆ పోగుకు ముడి వేసిండ్రు.

నిన్న బాపు పొద్దుగాలనే ఫోన్ చేసిండు. ఆరోగ్యం ముచ్చట కాదు, పింఛను ముచ్చట కాదు. "ఓడకు పేరు పెట్టిందా?" అని అడిగిండు. ఇంకా పెట్టలేదన్న. "పెట్టద్దను. నేను ఒకటి అనుకున్న, వచ్చి చెప్త" అన్నడు.